ఇంట్లో బీపీ సరిగ్గా చూసుకోవడం ఎలా: మిషన్ కొనడం నుంచి డాక్టరుకు చూపించే పట్టిక దాకా

"ఇంట్లో చూసుకుంటే 150 వస్తోంది, మీ దగ్గర చూస్తే 132 అంటున్నారు. ఏది నమ్మాలి?" ఫ్యామిలీ క్లినిక్‌లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. దీనికి పూర్తిగా తిరగేసిన ప్రశ్న కూడా వస్తుంది: ఇంట్లో బాగానే ఉంటోంది, ఇక్కడికి రాగానే ఎందుకు పెరుగుతోంది?

చాలాసార్లు మిషన్‌లో లోపం ఉండదు. కూర్చున్న తీరు, పట్టీ సైజు, చూసిన సమయం, వీటిలో ఏదో ఒకటి తేడా చేస్తుంది. పైగా బీపీ రోజంతా మారుతూనే ఉంటుంది. మెట్లెక్కితే ఒకటి, కోపమొస్తే ఒకటి, నిద్రలో ఒకటి. అందుకే ఒక్క రీడింగ్ చూసి మందు మొదలుపెట్టకూడదు, ఒక్క రీడింగ్ బాగుందని మందు ఆపకూడదు. డాక్టరుకు కావలసింది ఒక వారం పాటు ఒకే పద్ధతిలో తీసిన రీడింగుల సగటు. ఏళ్ళ తరబడి వేసుకోవాల్సిన మాత్ర గురించి నిర్ణయం దాని మీదే జరుగుతుంది కాబట్టి, ఆ వారం కాస్త శ్రద్ధగా చేయాలి. ఆ పద్ధతంతా వరసగా ఇక్కడ ఉంది.

## 1. ఎవరు చూసుకోవాలి

బీపీ పెరిగినా చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదు అనుకోవడానికి వీల్లేదు. 18 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ అప్పుడప్పుడు, 40 దాటినవాళ్ళు కనీసం ఏడాదికోసారి చూపించుకోవాలి.

ఇంట్లో మిషన్ పెట్టుకుని చూసుకోవడం ముఖ్యంగా వీళ్ళకు పనికొస్తుంది:

- క్లినిక్‌లో బీపీ ఎక్కువ వచ్చి, అది నిజమో కాదో తేలాల్సినవాళ్ళు
- ఇప్పటికే బీపీ మందు వాడుతున్నవాళ్ళు, మందు డోసు మారినవాళ్ళు
- షుగర్ లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు
- అమ్మానాన్నల్లో ఎవరికైనా బీపీ, పక్షవాతం, గుండెపోటు వచ్చినవాళ్ళు
- గర్భిణులు, డాక్టరు చెప్పినప్పుడు

డాక్టరును చూడగానే టెన్షన్ వల్ల బీపీ పెరిగేవాళ్ళు ఉన్నారు. వీళ్ళకు ఇంటి రీడింగులు అనవసరమైన మందును తప్పిస్తాయి. క్లినిక్‌లో మామూలుగా ఉండి ఇంట్లో, ఆఫీసులో ఎక్కువగా ఉండేవాళ్ళూ ఉన్నారు. నా ఉద్దేశంలో ఎక్కువ జాగ్రత్త అవసరమైంది ఈ రెండో రకానికే, ఎందుకంటే క్లినిక్ రీడింగ్ చూసి అందరూ ధైర్యంగా ఉండిపోతారు.

## 2. ఏ మిషన్ కొనాలి

దండచేతికి, అంటే మోచేతికి పైన, పట్టీ కట్టే ఆటోమేటిక్ మిషన్ తీసుకోండి. బటన్ నొక్కితే తనే గాలి నింపుకుని, తనే అంకె చూపించేది.

మణికట్టుకు కట్టే మిషన్లు చిన్నగా, చూడటానికి బాగుంటాయి. కానీ మణికట్టు సరిగ్గా గుండె ఎత్తులో లేకపోతే రీడింగ్ మారిపోతుంది, ఇంట్లో దాన్ని ప్రతిసారీ అలా పట్టుకోవడం కష్టం. చేయి మరీ లావుగా ఉండి ఏ పట్టీ సరిపోనప్పుడు మాత్రమే డాక్టరును అడిగి అటు వెళ్ళండి. వేలికి పెట్టేవి వద్దు. వాచీలు చూపించే బీపీ అంకెను బట్టి మందు నిర్ణయాలు తీసుకోకండి.

కొనేముందు చూడాల్సింది ఒకే ఒక్క పెద్ద విషయం: ఆ మోడల్‌ను స్వతంత్రంగా పరీక్షించి, కచ్చితంగా చూపిస్తుందని నిర్ధారించారా లేదా. అమ్మకానికి ఉన్న ప్రతి మిషన్‌కూ ఈ పరీక్ష జరిగి ఉండదు. పరీక్షలో నెగ్గిన మోడళ్ళ జాబితాను స్ట్రైడ్ బీపీ అనే అంతర్జాతీయ సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తోంది. కంపెనీ పేరు ఒకటే చూస్తే చాలదు, మోడల్ నంబరు కూడా కలవాలి.

బ్లూటూత్, యాప్, రంగుల స్క్రీన్ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు. మిషన్‌లో రీడింగులు దాచుకునే మెమరీ మాత్రం ఉండాలి. ఇద్దరు వాడే ఇల్లయితే ఇద్దరికీ వేరువేరు మెమరీ ఉన్నది చూడండి.

## 3. పట్టీ సైజు: ఎక్కువమంది వదిలేసే మెట్టు

మిషన్ ఎంత మంచిదైనా పట్టీ సరిపోకపోతే రీడింగ్ పనికిరాదు. చిన్న పట్టీని లావు చేతికి కడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీని సన్న చేతికి కడితే తక్కువ చూపిస్తుంది.

చేతి చుట్టుకొలత ఇలా తీసుకోండి:

1. భుజం ఎముక చివరికీ, మోచేతి ఎముక కొసకూ సరిగ్గా మధ్యలో పెన్నుతో చిన్న గుర్తు పెట్టండి.
2. చేయి వదులుగా వేలాడుతుండగా, ఆ గుర్తు దగ్గర బట్టలు కుట్టేవాళ్ళ టేపు చుట్టండి. బిగించొద్దు, వదులుగానూ ఉంచొద్దు.
3. ఎన్ని సెంటీమీటర్లో రాసుకోండి.

మిషన్ పెట్టె మీద, పట్టీ మీద అది ఎంత చుట్టుకొలతకు సరిపోతుందో రాసి ఉంటుంది. చాలా మిషన్లతో వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతులకు సరిపోయేది. మీది 35 అయితే పెద్ద పట్టీ విడిగా కొనాలి, అదీ అదే కంపెనీది, ఆ మోడల్‌కు చెప్పినది. ఒక కంపెనీ పట్టీ ఇంకో కంపెనీ మిషన్‌కు తగిలించకండి. గొట్టం పట్టినా లెక్క కుదరదు.

ఇంట్లో ఇద్దరు వాడుతుంటే ఇద్దరి చేతులూ కొలవండి. భర్తకు సరిపోయిన పట్టీ భార్యకు సరిపోతుందని చెప్పలేం.

## 4. మొదటి రోజు: ఏ చెయ్యి, మిషన్ సరైనదేనా

మొదటిసారి రెండు చేతులకూ చూడండి. ఒక చేతికి చూసి, ఒక నిమిషం ఆగి, రెండో చేతికి. ఇలా రెండు మూడుసార్లు చేయండి. రెండింటి మధ్య 4, 5 పాయింట్ల తేడా మామూలే. పై నంబరులో (136/84 లాంటి రీడింగ్‌లో ముందు వచ్చే పెద్ద అంకె పై నంబరు, రెండోది కింద నంబరు) 10 పాయింట్ల కంటే ఎక్కువ తేడా మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఎక్కువ చూపించిన చేతినే ఇకముందు ఎప్పుడూ వాడండి. తేడా 15 దాటుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఒక చేతికి వెళ్ళే రక్తనాళం సన్నబడినప్పుడు కూడా ఇలా జరుగుతుంది.

పెద్దగా తేడా లేకపోతే ఏ చేతికైనా చూసుకోవచ్చు, కానీ ప్రతిసారీ అదే చెయ్యి.

కొందరు ఒక చేతిని పూర్తిగా వదిలేయాలి. డయాలిసిస్ కోసం ఫిస్టులా (రక్తనాళాలను కలిపే ఆపరేషన్) చేసిన చేతికి పట్టీ కట్టకూడదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసేసిన వైపు చేతి విషయం డాక్టరును అడిగాకే.

కొత్త మిషన్‌ను ఒకసారి క్లినిక్‌కు తీసుకెళ్ళండి. మీరు మామూలుగా ఎలా చూసుకుంటారో అలాగే నర్సు ముందు చేసి చూపించండి, తర్వాత వాళ్ళ మిషన్‌తో చూపించుకోండి. తేడా 5 పాయింట్ల లోపు ఉంటే నిశ్చింతగా వాడండి. మళ్ళీ మళ్ళీ చూసినా 10 దాటుతుంటే ముందు పట్టీ, తర్వాత మిషన్ అనుమానించాలి. ఈ సరిచూపు ఏడాదికోసారి చేయించుకోండి, మిషన్ కింద పడితే వెంటనే.

## 5. చూసే ముందు అరగంట

ఈ అరగంటలో చేసేవి, చేయనివి రీడింగ్‌ను మార్చేస్తాయి.

- కాఫీ, టీ తాగొద్దు
- సిగరెట్, పొగాకు వద్దు
- వ్యాయామం, బరువు పని, హడావుడిగా మెట్లెక్కడం వద్దు
- అప్పుడే భోజనం చేసి ఉండకూడదు. ముఖ్యంగా పెద్దవాళ్ళకు తిన్న తర్వాత బీపీ కాసేపు తగ్గుతుంది
- వేడినీళ్ళ స్నానం చేసి వెంటనే చూడొద్దు
- మూత్రానికి వెళ్ళి రండి

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. మూత్రాశయం నిండుగా ఉంటే పై నంబరు 10 పాయింట్లకు మించి పెరగొచ్చు.

గది మరీ చల్లగా ఉండకూడదు, చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. టీవీ కట్టేయండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఎవరితోనైనా గొడవ పడ్డ వెంటనే, ఎక్కడైనా బాగా నొప్పిగా ఉన్నప్పుడు చూస్తే వచ్చేది ఆ గొడవ బీపీ, ఆ నొప్పి బీపీ. ఆ పూట వదిలేసి, పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంచండి.

## 6. కూర్చునే తీరు

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. క్లినిక్‌లో చూసినా ఇంట్లో చూసినా తప్పులు ఎక్కువగా జరిగేది ఈ మెట్టులోనే.

వీపు. వెనక ఆనుకునే కుర్చీ కావాలి. స్టూలు మీద, మంచం అంచున కూర్చుంటే వీపు కండరాలు పనిచేస్తూనే ఉంటాయి, కింద నంబరు 5 పాయింట్ల పైన పెరగొచ్చు. మెత్తటి సోఫాలో కూరుకుపోయినా సరిగా రాదు.

కాళ్ళు. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి. అందకపోతే కింద పీట వేసుకోండి. కాలు మీద కాలు వేసుకుంటే పై నంబరు 2 నుంచి 8 పాయింట్ల దాకా పెరుగుతుంది.

చెయ్యి. పట్టీ కట్టిన భాగం గుండె ఎత్తులో ఉండాలి, అంటే ఛాతీ మధ్య ఎముకకు సగం ఎత్తులో. చేతిని బల్ల మీద ఆనించి, అరచేయి పైకి తిప్పి, వేళ్ళు వదులుగా ఉంచండి. బల్ల ఎత్తు చాలకపోతే చేతి కింద దిండు పెట్టండి. మీరు పైకెత్తి పట్టుకోవద్దు, ఇంకొకరు పట్టుకోవడం కంటే కూడా బల్ల మేలు.

చేయి కిందికి దిగిన కొద్దీ రీడింగ్ పెరుగుతుంది. 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే 7 పాయింట్లకు పైనే ఎక్కువ చూపిస్తుంది. పైకి ఉంటే అంతే తగ్గిస్తుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో, చేతిని ఒళ్ళో పెట్టుకుంటే పై నంబరు దాదాపు 4 పాయింట్లు, పక్కన వేలాడదీస్తే దాదాపు 6.5 పాయింట్లు ఎక్కువ వచ్చాయి. అసలు బీపీ 130 ఉన్న మనిషికి అంత తేడా వస్తే కాగితం మీద బీపీ ఉన్నట్టే కనిపిస్తుంది.

నోరు. మాట్లాడొద్దు, ఎవరైనా మాట్లాడుతుంటే వింటూ తలూపొద్దు కూడా. మాట్లాడుతూ చూసుకుంటే 10 పాయింట్లు పెరగడం సాధారణం. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.

ఇలా కూర్చుని 5 నిమిషాలు ఊరికే ఉండాలి. పట్టీ కట్టుకున్నాకే ఈ 5 నిమిషాలు మొదలుపెడితే మంచిది, తర్వాత కదలాల్సిన పని ఉండదు. "5 నిమిషాలు ఎక్కడ కుదురుతుందండీ" అంటారు చాలామంది. కుదరని రోజు చూడటం మానేయండి, ఆదరాబాదరాగా తీసిన రీడింగ్ ఆ వారం సగటునంతా పాడుచేస్తుంది.

## 7. పట్టీ కట్టడం

1. చేయి మీద బట్ట ఉండకూడదు. చొక్కా చేతిని పైకి మడిస్తే అది దండచేతిని బిగించేస్తుంది, దానికంటే ఆ చేతిని చొక్కాలోంచి బయటికి తీసేయడమే మంచిది.
2. పట్టీ కింది అంచు మోచేతి మడతకు 2, 3 సెంటీమీటర్ల పైన ఉండాలి. సుమారు రెండు వేళ్ళ ఎత్తు.
3. పట్టీ మీద బాణం గుర్తో గీతో ఉంటుంది. అది మోచేతి లోపలి వైపు, నాడి కొట్టుకునే చోటికి ఎదురుగా రావాలి. గొట్టం ముంజేతి మధ్యగా కిందికి దిగాలి.
4. పట్టీ కిందికి ఒక వేలు సులువుగా, రెండు వేళ్ళు కాస్త బిగువుగా దూరాలి. అంతకంటే వదులైతే విప్పి మళ్ళీ కట్టండి.
5. గొట్టం మెలిక పడలేదని, మిషన్ బల్ల మీద కదలకుండా ఉందని చూసుకోండి.

మోచేతి మడత మీదికి పట్టీ జారడం తరచూ జరిగేదే. అలా జారితే రీడింగ్ తప్పు వస్తుంది, లేదా మిషన్ ఎర్రర్ చూపిస్తుంది.

## 8. రీడింగ్ తీయడం

బటన్ నొక్కాక మిషన్ రక్తప్రవాహాన్ని ఆపేంత గాలి నింపి, తర్వాత మెల్లగా వదులుతుంది. వదిలేటప్పుడు రక్తనాళం కొట్టుకోవడంతో పట్టీలో పుట్టే చిన్న కంపనాలను పట్టుకుని లెక్కగడుతుంది. మీరు వేళ్ళు కదిపినా, దగ్గినా అవి కూడా కంపనాలే. కదలొద్దని చెప్పేది అందుకే.

- మొదటి రీడింగ్ తీయండి
- 1 నిమిషం ఆగండి, పట్టీ విప్పొద్దు, లేవొద్దు
- రెండో రీడింగ్ తీయండి
- పై నంబరు, కింద నంబరు, నాడి, మూడూ రాయండి

మొదటి రీడింగ్ తరచూ కొంచెం ఎక్కువ వస్తుంది. అది కొట్టేసి రెండోది మాత్రమే రాయాలనిపిస్తుంది. రెండూ రాయండి. 137ను 140 అనో, 130 అనో సర్దకండి.

రెండింటి మధ్య 10 పాయింట్లకు మించి తేడా ఉంటే ఇంకో నిమిషం ఆగి మూడోది తీయండి. అక్కడితో ఆపండి. నచ్చిన అంకె వచ్చేదాకా పదిసార్లు నొక్కితే టెన్షన్ పెరుగుతుంది, దానితో బీపీ పెరుగుతుంది, అంకె ఇంకా దూరమవుతుంది.

## 9. ఏడు రోజుల పట్టిక

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు వారంలో ఇది చేయాలి. ఉదయం 2, సాయంత్రం 2, మొత్తం 7 రోజులు.

ఉదయం: నిద్ర లేచిన గంట లోపు, మూత్రానికి వెళ్ళొచ్చాక, కాఫీకి, టిఫిన్‌కు, మందుకు ముందు. బీపీ మాత్ర వేసుకున్నాక చూస్తే ఆ మందు రాత్రంతా, తెల్లవారేదాకా పనిచేస్తోందో లేదో తెలియదు. డాక్టరుకు కావలసిందే అది.

సాయంత్రం: రాత్రి భోజనానికి ముందు గానీ, పడుకునే ముందు గానీ. ఏది ఎంచుకుంటే వారమంతా అదే.

7 రోజులు కుదరకపోతే కనీసం 3, 4 రోజులైనా పూర్తి చేయండి. అంతకు తగ్గితే సగటుకు విలువ ఉండదు.

సగటు ఇలా తీయాలి. మొదటి రోజు నాలుగు రీడింగులూ పక్కన పెట్టండి, కొత్త మిషన్ కంగారు వాటిలో ఉంటుంది. మిగిలిన 6 రోజులకు రోజుకు 4 చొప్పున 24 రీడింగులు. పై నంబర్లన్నీ కూడి 24తో భాగించండి, కింద నంబర్లు విడిగా కూడి 24తో భాగించండి. ఉదాహరణకు పై నంబర్ల మొత్తం 3264, కింద నంబర్ల మొత్తం 2016 వచ్చాయనుకుందాం. సగటు 136/84.

ఉదయం సగటు, సాయంత్రం సగటు విడివిడిగా కూడా రాస్తే ఇంకా ఉపయోగం. ఉదయం మాత్రమే ఎక్కువగా ఉంటే డాక్టరు మందు వేసుకునే వేళ గురించో, నిద్రలో గురక, ఊపిరి ఆగడం గురించో అడుగుతారు.

పట్టిక చివర ఒక గడి వదిలి అందులో ఆ రోజు విశేషం రాయండి: సరిగా నిద్ర లేదు, మాత్ర మర్చిపోయాను, జ్వరం, ప్రయాణం. జలుబు మాత్రలు వాడితే అదీ రాయండి. కింద చెప్పిన మందులు కొందరిలో బీపీని పెంచుతాయి:

- ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు
- ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ ఉన్న మందులు
- స్టెరాయిడ్లు
- కొన్ని గర్భనిరోధక మాత్రలు
- నీళ్ళలో వేస్తే నురగతో కరిగే మాత్రలు, వీటిలో చాలావాటిలో సోడియం ఎక్కువ

డాక్టరు రాసిచ్చినదైతే మీ అంతట మీరు ఆపకండి, వాడుతున్నట్టు చెప్పండి.

## 10. సగటు వచ్చింది, ఇప్పుడేంటి

ఇంటి రీడింగులకు గీత, అంటే బీపీ ఉన్నట్టు లెక్కించే హద్దు, క్లినిక్ గీత కంటే కొంచెం కింద ఉంటుంది. క్లినిక్‌లో 140/90 అయితే ఇంట్లో దానికి సమానం 135/85. యూరప్ మార్గదర్శకాలు ఇంటి సగటు 135/85 గానీ, అంతకు మించి గానీ ఉంటే బీపీ ఉన్నట్టు లెక్కిస్తాయి. అమెరికా హృద్రోగ సంఘాలు 2017 నుంచి 130/80నే గీతగా పెట్టుకున్నాయి. మీ డాక్టరు ఏది అనుసరిస్తారో, మీ వయసుకు, మీకున్న జబ్బులకు ఎంత లక్ష్యమో అడిగి పట్టిక పైన రాసుకోండి.

రెండు నంబర్లలో ఏ ఒక్కటి గీత దాటినా దాటినట్టే. పైన చెప్పిన 136/84లో కింద నంబరు 85 లోపే ఉంది, అయినా పైది 135 దాటింది కాబట్టి డాక్టరుకు చూపించాలి.

సగటు గీతకు కొద్దిగా కిందే ఉన్నా ఉప్పు, బరువు, నడక గురించి ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాకు తక్కువ, కూరలో వేసేదీ ప్యాకెట్ తిండిలో ఉండేదీ కలిపి. నడక లాంటి వ్యాయామం వారానికి కనీసం 150 నిమిషాలు.

## 11. ఉన్నట్టుండి చాలా ఎక్కువ వస్తే

180/120 గానీ అంతకు మించి గానీ కనిపిస్తే ముందు ఒంట్లో ఎలా ఉందో చూసుకోండి.

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి, మళ్ళీ రీడింగ్ కోసం ఆగొద్దు:

- ఛాతీలో నొప్పి లేదా బరువు
- ఊపిరి అందకపోవడం
- ముఖం, చేయి, కాలు ఒకవైపు లాగేయడం, తిమ్మిరి, బలం లేకపోవడం
- మాట తడబడటం
- చూపు మసకబారడం, ఉన్నట్టుండి పోవడం
- ఎప్పుడూ లేనంత తీవ్రమైన తలనొప్పి, గందరగోళం, ఫిట్స్

ఈ లక్షణాలు ఉంటే బీపీ 150 ఉన్నా, అసలు చూడకపోయినా చేయాల్సింది ఇదే.

లక్షణాలేవీ లేకపోతే 5 నిమిషాలు కుదురుగా కూర్చుని, పట్టీ సరిచేసుకుని మళ్ళీ చూడండి. మళ్ళీ అంతే వస్తే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. ఇంట్లో ఉన్న మాత్ర అదనంగా వేసుకోకండి, ఇంకొకరి మాత్ర అసలే వద్దు. ఒక్కసారిగా బీపీని పడేస్తే మెదడుకు, గుండెకు రక్తం చాలక ప్రమాదం జరగొచ్చు.

90/60 కంటే తక్కువ వస్తే? ఒంట్లో బాగుంటే కొందరికి అదే మామూలు. కళ్ళు తిరగడం, తూలడం ఉంటే, ముఖ్యంగా బీపీ మందు వాడేవాళ్ళయితే, అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

## 12. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి సరిచేయడం

మిషన్ ఎర్రర్ చూపిస్తోంది. పట్టీ వదులుగా ఉంది, లేదా మీరు కదిలారు, లేదా బ్యాటరీ అయిపోవస్తోంది. ఈ వరసలోనే చూడండి. గొట్టం మిషన్‌లోకి పూర్తిగా దిగిందో లేదో కూడా.

ప్రతిసారీ ఒక్కో అంకె వస్తోంది. కొంత తేడా సహజం, రెండు రీడింగులు ఒకటే రావాలని లేదు. తేడాలు మరీ పెద్దవైతే పైన 5, 6 అంకెల కింద చెప్పినవి మళ్ళీ ఒకసారి పాటించి చూడండి. అప్పటికీ తగ్గకపోతే, స్క్రీన్ మీద గుండె లయ తప్పినట్టు గుర్తు పదే పదే వస్తుంటే, నాడి పరీక్ష, ఈసీజీ కోసం వెళ్ళండి. గుండె లయ తప్పేవాళ్ళకు ఒక్కో కొట్టుకూ ఒత్తిడి మారుతుంది కాబట్టి రెండు బదులు మూడు రీడింగులు తీసి సగటు చూడాలి.

పట్టీ మరీ బిగించి నొప్పి పుట్టిస్తోంది. బీపీ ఎక్కువున్నవాళ్ళకు మిషన్ ఎక్కువ గాలి నింపుతుంది, కాస్త నొప్పి మామూలే. భరించలేనంత ఉంటే పట్టీ చిన్నదై ఉండొచ్చు, చుట్టుకొలత మళ్ళీ తీయండి.

చూడాలంటేనే భయమేస్తోంది. ఇది చిన్న విషయం కాదు. గుండె దడతో కూర్చున్న మనిషికి మిషన్ సాయం చేయదు. ఇంట్లో చూసుకోవడం కొన్ని వారాలు ఆపేసి డాక్టరుకు ఆ మాటే చెప్పండి. 24 గంటలు చేతికి కట్టుకుని తిరిగే మిషన్ ఉంటుంది, అది దానంతటదే రాత్రీపగలూ రీడింగులు తీసుకుంటుంది. ఆ పరీక్ష మీకు బాగా సరిపోతుంది.

బాగానే వస్తోంది కదా, మాత్ర ఆపొచ్చా? మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే బాగా వస్తూ ఉండొచ్చు. పట్టిక తీసుకెళ్ళి అడగండి. తగ్గించగలిగితే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపితే బీపీ ముందుకంటే ఎక్కువగా ఎగబాకుతుంది.

## 13. వేరుగా చూడాల్సినవాళ్ళు

గర్భిణులు. గర్భిణుల మీద విడిగా పరీక్షించిన మోడల్ అయ్యుండాలి, మామూలు జాబితాలో ఉంటే చాలదు. 140/90 గానీ అంతకు మించి గానీ వస్తే అదే రోజు డాక్టరుకు ఫోన్. 160/110 గానీ అంతకు మించి గానీ వస్తే, లేదా తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, ముఖానికీ చేతులకూ ఉన్నట్టుండి వాపు వస్తే సగటు లెక్కలు మాని నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. బిడ్డ పుట్టిన తర్వాత కొన్ని వారాలు కూడా ఈ జాగ్రత్త ఉండాలి.

లేవగానే తూలే పెద్దవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు. కూర్చుని చూశాక లేచి నిలబడి, 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు ఒకసారి చూడండి. నిలబడినా పట్టీ కట్టిన భాగం గుండె ఎత్తులోనే ఉండాలి. పై నంబరు 20 పాయింట్లు గానీ, కింద నంబరు 10 పాయింట్లు గానీ తగ్గిపోతే డాక్టరుకు చెప్పండి, పడి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది. ఈ పరీక్ష చేసేటప్పుడు పక్కన ఇంకొకరు ఉండాలి.

## 14. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సినవి

- ఏడు రోజుల పట్టిక, సగటుతో సహా
- మిషన్, దాని పట్టీ. మెమరీలో ఉన్న అంకెలు కూడా చూపించండి
- వాడుతున్న మందులన్నీ, షాపులో సొంతంగా కొన్నవి, ఆకుమందులు కలిపి
- ఏ చేతికి చూసుకున్నారో, ఆ చేతి చుట్టుకొలత ఎంతో

మందు కొత్తగా మొదలుపెట్టినా, డోసు మార్చినా, డాక్టరు చెప్పిన వ్యవధి తర్వాత మళ్ళీ ఈ 7 రోజుల వరస చేయాలి. సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది, ఆ మందు పూర్తిగా పట్టేదాకా ఆగాలి కదా. మార్పు చేసిన మర్నాటి నుంచే ఫలితం కోసం చూడకండి.

బీపీ అదుపులోకి వచ్చాక రోజూ చూడాల్సిన పని లేదు. వారానికి ఒకటి రెండు రోజులు గానీ, డాక్టరు ఒప్పుకుంటే ఇంకా అరుదుగా గానీ చూస్తూ, ప్రతి అపాయింట్‌మెంట్‌కు ముందు వారం మాత్రం పూర్తి పట్టిక నింపండి.